ఇద్దరే కలిసి చిన్న పాటరీ పెట్టాలంటే: ఏ మట్టి, ఏ కిల్న్, ఎవరికి ఏ పని

భార్యాభర్తలిద్దరం కలిసి చేత్తో చేసిన కప్పులు, గిన్నెలు అమ్ముకుంటూ బతుకుదాం అనుకునేవాళ్లు ముందుగా అడిగేది దాదాపు ఒకటే, ఏ వీల్ (కుమ్మరి చక్రం) కొనమంటారు అని. నన్నడిగితే అది ఆఖర్లో తేల్చుకోవాల్సిన సంగతి. వీల్ నచ్చకపోతే అమ్మేసి ఇంకోటి తెచ్చుకోవచ్చు, పనేమీ ఆగదు. కానీ మీ పాత్రలు ఎన్ని డిగ్రీల దగ్గర కాలాలి అన్నది ఒకసారి తేల్చేశాక మట్టి దానికి తగ్గదే కావాలి, గ్లేజ్ (పాత్ర మీద కాలి గాజులా అంటుకునే పూత) దానికి తగ్గదే కావాలి, కిల్న్ అంటే పాత్రలు కాల్చే బట్టీ, దానికి కరెంటు కనెక్షన్, చివరికి ఎలాంటి వస్తువులు ఎవరికి అమ్మగలరు అన్నది కూడా దాన్నిబట్టే ఉంటుంది, మధ్యలో మారుద్దాం అంటే అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. అందుకే ముందు వేడి సంగతి తేల్చుకోండి, అది తేలితే మిగతావాటిలో సగం వాటంతటవే తేలిపోతాయి.

వేడిని బట్టి మట్టి మూడు రకాలు అనుకోండి. తక్కువ వేడిలో కాలే మట్టి, ఎర్తెన్‌వేర్ అంటారు, సుమారు 1000 నుంచి 1150 డిగ్రీల సెల్సియస్ మధ్య కాలుతుంది. రంగులు బాగా కొట్టొచ్చినట్టు వస్తాయి, కరెంటు ఖర్చు తక్కువ, కిల్న్ లోపలి తీగలు కూడా ఎక్కువకాలం వస్తాయి. మొక్కల కుండీలకి, టైల్స్‌కి, గోడకి పెట్టుకునే వస్తువులకి ఇది చక్కగా సరిపోతుంది. ఇబ్బంది ఎక్కడంటే కాలాక కూడా ఆ మట్టి నీళ్లు పీలుస్తుంది, పైన గ్లేజ్‌లో సన్నటి బీట ఒక్కటి వచ్చినా నీళ్లు లోపలికి పోతాయి, అలాంటి కప్పు మైక్రోవేవ్‌లో పెడితే లోపలి తేమ కాగి చెయ్యి పట్టలేనంత వేడెక్కుతుంది. రోజూ వాడి రోజూ కడిగే పాత్రలు చేద్దాం అనుకుంటే నేనైతే దీనితో మొదలుపెట్టొద్దనే చెప్తా.

రెండోది స్టోన్‌వేర్. ఇందులో మిడ్ రేంజ్ అనేది 1200 నుంచి 1240 దాకా, హై ఫైర్ అనేది 1280, 1300 దాకా పోతుంది. మట్టి బిగుసుకుపోయి నీళ్లు పీల్చడం చాలా తగ్గుతుంది, పాత్ర గట్టిగా ఉంటుంది, అంచులు తొందరగా పెచ్చులూడవు. మూడోది పోర్సిలీన్, తెల్లగా ఉంటుంది, పల్చగా చేస్తే వెలుతురు అవతలి వైపు నుంచి కనపడుతుంది, చూస్తే మనసు ఆగదు. కానీ వీల్ మీద మొండికేస్తుంది, ఆరేటప్పుడు వంకర పోతుంది, మీరు చేత్తో సరిచేశాం అనుకున్న వంపు కిల్న్‌లో మళ్లీ బయటికి వస్తుంది. పైగా మిగతావాటికంటే ఎక్కువ కుదించుకుపోతుంది. ఇద్దరే ఉండి, ఇంకా చెయ్యి తిరగని రోజుల్లో పోర్సిలీన్ పెట్టుకుంటే పగిలినవాటి ఖర్చు మోయడమే సరిపోతుంది. మిడ్ రేంజ్ స్టోన్‌వేర్ ఒక్కటి, అదీ ఒకే కంపెనీది ఒకే రకం తీసుకుని కనీసం ఏడాదిపాటు దాన్నే పట్టుకుని ఉండమని నా గట్టి సలహా.

కుదింపు గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు కప్పు సైజు విషయంలో బోల్తా పడేది ఇక్కడే. మట్టి పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా కాలేదాకా 12 శాతం కుదించుకుపోతుంది అనుకోండి, 10 సెంటీమీటర్ల ఎత్తు 8.8కి వస్తుంది, చూడ్డానికి పెద్ద తేడా అనిపించదు. కానీ ఎత్తూ తగ్గుతుంది, వెడల్పూ తగ్గుతుంది, అన్ని వైపులా తగ్గుతుంది కాబట్టి లోపల పట్టే కొలత దాదాపు మూడో వంతు పోతుంది. కాలాక 300 మిల్లీలీటర్లు పట్టే కప్పు కావాలంటే పచ్చిగా ఉన్నప్పుడు అది దాదాపు 440 పట్టాలి. అందుకే కొన్న మట్టితో ముందు చిన్న పట్టీలు చేసి, ఒక్కోదాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి, మీ కిల్న్‌లో మీరు కాల్చే వేడికే కాల్చి, మళ్లీ కొలవండి. ప్యాకెట్ మీద రాసింది వాళ్ల కిల్న్ లెక్క.

అదే పట్టీతో ఇంకో పరీక్ష కూడా అయిపోతుంది. గ్లేజ్ వెయ్యకుండా కాల్చిన పట్టీని తూచండి, కాసేపు నీళ్లలో మరిగించి రాత్రంతా ఆ నీళ్లలోనే వదిలేయండి, పొద్దున పైతడి తుడిచి మళ్లీ తూచండి. 200 గ్రాములది 206 అయితే 3 శాతం నీళ్లు పీల్చినట్టు. రోజూ వాడే పాత్రలకి ఇది ఎంత తక్కువుంటే అంత మంచిది, నేనైతే 2 శాతం దాటితే ఆ మట్టిని కప్పులకి వాడను. వంటగదిలో ఉండే చిన్న త్రాసు చాలు దీనికి, కానీ పాటరీలో మీరు చేసే అన్ని పరీక్షల్లోకి ఇదే ముఖ్యమైంది అంటాను, ఎందుకంటే అడుగున గ్లేజ్ లేని చోట నుంచి చెమ్మ దిగి కస్టమర్ బల్ల మీద తడి మరక పడితే వాళ్లు మళ్లీ మీ దగ్గరికి రారు.

ఇక కిల్న్. ఎలక్ట్రిక్, గ్యాస్, కట్టెలు, మూడిట్లో దేని అందం దానిదే, కాదనను. కట్టెల కిల్న్‌లో బూడిద ఎగిరి పాత్ర మీద పడి అదే కరిగి గ్లేజ్ అవుతుంది, ఏ రెండూ ఒకలా రావు, కానీ గంటల తరబడి, పెద్దవైతే రోజుల తరబడి ఎవరో ఒకరు దగ్గరుండి కట్టెలు వేస్తూనే ఉండాలి, ఇద్దరి వల్ల అయ్యే పని కాదు, నలుగురైదుగురు వంతులేసుకోవాలి. గ్యాస్ కిల్న్‌లో గాలి తగ్గించి కాల్చొచ్చు, దాన్నే రిడక్షన్ అంటారు, అలా కాలిస్తే ఇనుము ఉన్న గ్లేజ్ లేత ఆకుపచ్చ సెలడాన్‌గా మారుతుంది, రాగి ఉన్నది ఎర్రగా వస్తుంది, మామూలు ఎలక్ట్రిక్ కిల్న్‌లో ఈ రంగులు ఇలా రావు. దానికోసం మీరు ప్రాణం పెడతారంటే గ్యాస్‌కే వెళ్లండి, కానీ కాల్చినంతసేపూ దగ్గర కూర్చోవాలి, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది కాబట్టి ఆరుబయటో బాగా గాలాడే షెడ్డులోనో పెట్టాలి, ఇంటి లోపల గదిలో పెడదాం అన్న ఆలోచనే వద్దు.

ఎలక్ట్రిక్‌లో ఆ మెరుపులు లేకపోయినా ఒకటి ఉంది, ఈ వారం వచ్చింది వచ్చే వారం కూడా వస్తుంది. కంట్రోలర్‌లో ప్రోగ్రామ్ పెడితే గంటకి ఎన్ని డిగ్రీలు పెరగాలో అదే చూసుకుంటుంది, అలాగని పూర్తిగా వదిలేసి ఊరెళ్లిపోమని కాదు, ఆఖరి గంటల్లో ఒకరు ఇంట్లో ఉండి తీరాలి. అమ్మకం మొదలయ్యాక మీరు ఎక్కువగా వినే మాట, నాకు అదే కప్పు ఇంకో నాలుగు కావాలి అని. ఆ నాలుగూ ఇవ్వగలగాలంటే ఇద్దరే నడిపే పాటరీకి మొదటి కిల్న్ ఎలక్ట్రిక్‌దే అయ్యుండాలి, ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఎంత పెద్దది అంటే, ఏడు ఘనపుటడుగులది, అంటే సుమారు 200 లీటర్లది, మిడ్ రేంజ్ వేడికి పోయేదైతే మామూలుగా 11, 12 కిలోవాట్లు లాగుతుంది, మామూలు ప్లగ్గుకి తగిలించే వస్తువు కాదు, విడిగా లైను కావాలి, చాలాచోట్ల త్రీ ఫేజ్ కూడా కావాలి. కిల్న్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి చూపించండి. బాగా చిన్నవి, 2, 3 కిలోవాట్లవి ఇంటి లైను మీద నడిచేవి కూడా ఉన్నాయి, కొన్ని కప్పులు పడతాయి అంతే. చాలామంది ఎలాగూ కొంటున్నాం కదా అని పెద్దది కొనేస్తారు, అది నిండాలంటే మూడు వారాలు పడుతుంది, ఈలోపు కొత్త గ్లేజ్ ఎలా వస్తుందో తెలీదు, కస్టమర్ ఆగాలి, ఒకవేళ ఆ లోడ్ పాడైతే మూడు వారాల కష్టం ఒక్కసారిగా పోతుంది. ఇద్దరు వారం, పది రోజుల్లో నింపగలిగే సైజు తీసుకోండి. గోడకి కనీసం అడుగు, అడుగున్నర ఎడం ఉండాలి, పొగ బయటికి పోయే దారి ఉండాలి.

కోన్ నంబర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. కోన్ అంటే కిల్న్‌లో పాత్రల పక్కన పెట్టే చిన్న మట్టి శంకువు, దాని నంబరుకి తగ్గ వేడి తగిలితే వంగుతుంది. కోన్ 06 వేరు, కోన్ 6 వేరు, మొదటిది సుమారు 1000 డిగ్రీలు, రెండోది సుమారు 1220, ముందున్న సున్నా వల్ల రెండువందల డిగ్రీల పైన తేడా. మొదటిసారి కాల్చే బిస్క్ 06, 04 దగ్గర చేస్తారు, గ్లేజ్ కాల్పు 6 దగ్గర. తక్కువ వేడి మట్టిని ఎవరైనా చూసుకోకుండా 6కి కాల్చారంటే అది కరిగి అరల మీద పారిపోతుంది, అర కూడా పోతుంది. ఇంట్లో ఇద్దరు లోడ్ చేసేటప్పుడు ఇది జరగడం చాలా తేలిక, అందుకే ఒక స్టూడియోలో రెండు వేడుల మట్టి ఉంచొద్దని అంటున్నా. ఇంకోటి, కంట్రోలర్ చూపించేది వేడి ఒక్కటే, ఆ వేడిలో మట్టి ఎంతసేపు ఉంది అన్నది కూడా కలిపి చెప్పేది కోన్. ఓర్టన్ కోన్లు 1896 నుంచి ఉన్నాయి, ఇంత డిజిటల్ వచ్చినా వాటిని ఎవరూ పక్కన పెట్టలేదు. పై అరలో ఒకటి, కింద అరలో ఒకటి పెట్టి చూడండి, రెండూ ఒకేలా వంగకపోతే మీ కిల్న్ ఎక్కడ చల్లగా ఉందో తెలిసిపోతుంది, ఎక్కువ వేడి కోరే గ్లేజ్ అక్కడ పెట్టరు. చల్లారేటప్పుడు తొందరపడొద్దు, 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా సైజు మారుతుంది, ఆ చుట్టుపక్కల మూత ఎత్తి చూశారంటే టంగుమని బీటలిస్తుంది. 100 కిందికి దిగేదాకా ఆగడమే మేలు.

తయారు చేసే పద్ధతి విషయంలో వీల్, స్లాబ్, పోత అని మూడు దారులు. వీల్ మీద చేసేది చూడ్డానికి బావుంటుంది, వేగం కూడా వస్తుంది, కానీ ఆ వేగం రావడానికి నెలలు కాదు, సంవత్సరాలు పడుతుంది. స్లాబ్ అంటే మట్టిని రొట్టెలా పరిచి కోసి అతికించడం, ప్లేట్లకి, ట్రేలకి, చదరపు వస్తువులకి ఇదే బాగా కుదురుతుంది, సామాను తక్కువ, నేర్చుకోవడం కూడా త్వరగా అవుతుంది, ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు చేసేవాళ్లకి ఇది వరం, మధ్యలో ప్లాస్టిక్ కప్పేసి రేపు మళ్లీ మొదలుపెట్టొచ్చు. పోత అంటే ప్లాస్టర్ మూసలో పల్చటి మట్టి పోసి గోడ కట్టాక మిగిలింది ఒంపేయడం. ఒక్కో మూసలోంచి సుమారు 50 నుంచి 100 దాకా తీయొచ్చు, ఆ తర్వాత గీతలు అరిగిపోతాయి. ఒకే కప్పు వందల్లో కావాలంటే పోత పద్ధతే మార్గం, కానీ మొదట్లోనే దీనికి దిగితే ప్లాస్టర్, మూసలు, పోత మట్టి పాళ్లు అని ఇంకో చదువు తలకెత్తుకున్నట్టే. పోత పోసినవి అమ్మేటప్పుడు పోతవని చెప్పి అమ్మండి, అందులో చిన్నతనం ఏమీ లేదు, వీల్ మీద చేశాం అని చెప్పి అమ్మితేనే తప్పు. నేనైతే ఇద్దరిలో ఒకరు వీల్, ఒకరు స్లాబ్ తీసుకోమంటా, ఒకే వీల్ కోసం వంతులు వేసుకోవక్కర్లేదు, అమ్మే వస్తువుల్లోనూ రకాలు వస్తాయి.

పని పంచుకోవడం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. ఇదివరకు జంటలు ఎలా నడిపారో చూస్తే మూడు పద్ధతులు కనిపిస్తాయి. ఒట్టో, గెర్ట్రూడ్ నాట్జ్‌లర్ అని వియన్నా నుంచి 1938లో లాస్ ఏంజెలెస్ వెళ్లిన జంట, ఆవిడ వీల్ మీద పాత్ర చేసేది, ఆయన గ్లేజులు తయారుచేసి కాల్చేవాడు, 1971లో ఆవిడ పోయేదాకా అలాగే సాగింది. ఈడిత్, బ్రయాన్ హీత్ 1948లో కాలిఫోర్నియాలోని సాసలిటోలో హీత్ సెరామిక్స్ పెట్టారు, మట్టి, గ్లేజ్, డిజైన్ ఆవిడవి, యంత్రాలు, వ్యాపారం ఆయనవి. 2003లో దాన్ని కొన్నది కూడా ఒక జంటే. మన దగ్గర పాండిచ్చేరిలో డెబొరా స్మిత్, రే మీకర్ 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు, అక్కడ రోజువారీ పాత్రల తయారీ ఆవిడ చూసుకుంటే, కొత్తవాళ్లకి నేర్పడం ఆయన చూసుకున్నాడు. అంటే ఒకచోట పనిలోనే సగం సగం, ఒకచోట చేసేది ఒకరు నడిపేది ఒకరు, ఇంకోచోట తయారీ ఒకరిది నేర్పడం ఒకరిది.

మీకు ఏది నప్పుతుందో తెలియాలంటే ఒక కప్పు వెంట నడిచి చూడండి. మట్టి పిసికి తూచాలి, వీల్ మీద తీయాలి, సగం ఆరాక తిరగేసి అడుగు చెక్కాలి, పిడి లాగి అతికించాలి, నెమ్మదిగా ఆరబెట్టాలి, బిస్క్ కాల్చాలి, దుమ్ము తుడిచి అడుగున మైనం రాయాలి, గ్లేజ్‌లో ముంచి మైనం మీద నిలిచిన చుక్కల్ని స్పాంజితో తీసేయాలి, మళ్లీ కాల్చాలి, అడుగు రుద్ది నున్నగా చేయాలి, ఫోటో తీయాలి, ప్యాక్ చేయాలి. ఇందులో వీల్ దగ్గర గడిపే టైమ్ నిజానికి చాలా తక్కువ. పిడి అతికించేది మాత్రం ఎవరికోసమూ ఆగదు, కప్పు మరీ తడిగా ఉంటే నొక్కగానే సొట్ట పడుతుంది, మరీ ఆరితే అతుకు దగ్గర తర్వాత బీటిస్తుంది, ఆ మధ్యలో ఉండే కొద్ది గంటల్లోనే అయిపోవాలి, అప్పుడు ఫోన్లు, ఆర్డర్లు పక్కన పెట్టి ఇద్దరూ కూర్చోవాల్సిందే. మిగతా పనుల్లో దేనికి ఎవరిది ఆఖరి మాట అన్నది ముందే అనుకోండి. గ్లేజ్ రంగు నీది, కిల్న్ లోడింగ్ నాది, ధర నీది అని. అవతలివాళ్ల పనిలో సలహా ఇవ్వొచ్చు, కానీ వాళ్లు వద్దంటే అక్కడితో ఆపేయాలి. రోజంతా ఒకే గదిలో ఉండే ఇద్దరికి ఇది లేకపోతే ప్రతి కప్పూ ఒక పంచాయితీ అవుతుంది.

గ్లేజ్ రెడీమేడ్ కొనాలా, సొంతంగా కలుపుకోవాలా అంటే మొదట కొనండి, అమ్మకం నిలదొక్కుకున్నాక ఎక్కువగా అమ్ముడుపోయే ఒకటో రెండో రంగుల్ని సొంతంగా కలుపుకోండి, అప్పుడు ఖర్చు బాగా తగ్గుతుంది. తినే పాత్ర లోపల సీసం, కాడ్మియం ఉన్నవి వద్దే వద్దు. డబ్బా మీద ఫుడ్ సేఫ్ అని ఉన్నా అది చెప్పిన కోన్‌కి సరిగ్గా కాలితేనే ఆ మాట వర్తిస్తుంది. నిమ్మ చెక్క రాత్రంతా పెట్టి చూస్తే రంగు మారిందంటే ఆ గ్లేజ్ పనికిరాదని తెలుస్తుంది, మారకపోతే మంచిదని మాత్రం రుజువు కాదు, అమ్మే ముందు ల్యాబ్‌లో టెస్ట్ చేయించుకోవాలి. పొడులు కలిపేటప్పుడు సరైన మాస్క్ ఉండాలి, ఎండిన మట్టి దుమ్ములో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి, అది మళ్లీ బాగయ్యే జబ్బు కాదు. చీపురు పట్టొద్దు, తడి గుడ్డతోనే తుడవండి. ఇంట్లో పిల్లలుంటే స్టూడియో బట్టలు స్టూడియోలోనే విడిచి రండి.

అమ్మడానికి వస్తే, ఎగ్జిబిషన్లలో నేరుగా అమ్మడం, ఆన్‌లైన్, షాపులకి హోల్‌సేల్, అమ్ముడయ్యాక డబ్బులిచ్చే షాపులు, ఆర్డర్ మీద చేయడం, క్లాసులు, ఇన్ని ఉన్నాయి. మొదట నేరుగా అమ్మడమే మంచిది, కస్టమర్ కప్పు చేతిలోకి తీసుకుని పిడిలో వేళ్లు పెట్టి చూస్తారు, రెండు వేళ్లు పట్టక పక్కన పెట్టేస్తే అది మీకు ఏ రివ్యూలోనూ దొరకని సమాచారం. ఆన్‌లైన్‌లో ప్యాకింగ్ ఒక సగం ఉద్యోగం, పైగా ఫోటోలో ఉన్న రంగే రావాలి అంటారు. హోల్‌సేల్‌లో షాపువాళ్లు మామూలుగా అమ్మే ధరలో సగానికి అడుగుతారు, ఆ సగంలోనే మీ ఇద్దరి కూలి, మట్టి, కరెంటు, పగిలినవి అన్నీ గిట్టుబాటు కాకపోతే ఎంత పెద్ద ఆర్డరైనా ఒప్పుకోవద్దు. ధర వేసేటప్పుడు ఒకరి గంటలే లెక్కేసి రెండోవాళ్లది ఇంటిపనిలా వదిలేయడం చాలా ఇళ్లలో జరుగుతుంది, దయచేసి అలా చేయకండి, ఇద్దరి గంటలూ లెక్కలో ఉండాలి. ఆర్డర్ మీద చేసేవాటికి అడ్వాన్స్ తీసుకోండి, 12 అడిగితే 15 చేయండి. క్లాసులు డబ్బు త్వరగా తెస్తాయి, కానీ వీల్‌నీ, అరల్నీ, వారాంతాల్నీ అవే తినేస్తాయి, నేర్పడం నిజంగా ఇష్టమున్నవాళ్లే పెట్టుకోవాలి.

ఇద్దరూ ఉద్యోగం ఒకేసారి మానేయాలా అంటే వద్దు. ఒకే రకం కప్పు వరసగా మూడు కాల్పుల్లో ఒకేలా వచ్చి, వచ్చినవి వచ్చినట్టు అమ్ముడవుతుంటే అప్పుడు ఒకరు మానేయొచ్చు. ఎవరు అంటే, చెయ్యి తిరిగినవాళ్లే మానేయాలని అందరూ అనుకుంటారు గానీ, ముందు మీ అరలు చూడండి. బిస్క్ అయి గ్లేజ్ కోసం కుప్పలుగా పడున్నాయా, కాల్చినవి ఫోటో లేక, ప్యాకింగ్ లేక అలాగే ఉన్నాయా, లేక అరలే ఖాళీగా ఉండి ఆర్డర్లు ఆగుతున్నాయా, సరుకు ఎక్కడ ఆగిపోతుందో ఆ పని ఎవరిదో వాళ్లే ముందు మానేయాలి.